ముప్పై ఏళ్ల నూనె

చక్కెర డబ్బా అట, యాభై ఏళ్లు గడిచాక ఇప్పుడు చెబుతున్నాడు చక్కెర డబ్బా సంగతి, మీ ఇంట్ల డబ్బల ఉన్న చక్కెర పది రోజులకొస్తదంటె లోకంల చక్కెరంత పది రోజులకు ఒడుస్తదనారా భూమయ్యా అని అందరి ముందూ నవ్వాడు గోపాల్ రావు సారు, నాకు ఏడో తరగతిలో పాఠం చెప్పిన మనిషి, ఆయన నవ్వగానే ముందు వరసలోని రిటైరు ఉద్యోగులంతా నవ్వారు, చేతుల్లో కాగితపు కప్పులు, మీసాల మీద టీ నురగ, వాళ్లకు పొద్దున్నే నవ్వడానికి ఎవడో ఒకడు కావాలి, ఈ రోజు నేను దొరికాను, నవ్వండి, నేను లేచి బయటికొచ్చి జగిత్యాల బస్టాండు దాకా ఎండలో నడిచి కోరుట్ల బస్సెక్కాను, ఎక్కినా నిలబడే ఉన్నాను, సీట్లన్నీ ఆడవాళ్లవి, వాళ్లకు టికెట్ లేదు, డబ్బు పెట్టి కొన్నవాడు కడ్డీ పట్టుకుని వేలాడాలి, జరుగుండ్రి జరుగుండ్రి ముంగట మస్తు జాగున్నది అని కండక్టర్ అరుస్తున్నాడు, యాడున్నదయ్యా జాగ, నీ నెత్తి మీదున్నదా అన్నాను, నా నెత్తి మీద డిపో మేనేజరున్నడు కాకా, నువ్వు ముంగటికి జరుగు అన్నాడు, బస్సంతా నవ్వింది, ఇక్కడా నవ్వే, పొద్దుటి నుంచి ఇది రెండోసారి.

ఒకామె చంకలోని గునుగుపూల కట్ట నా ముక్కుకు తగులుతోంది, ముఖం పక్కకు తిప్పితే తంగేడు, ఈ రోజు పెత్రమాస, పొద్దున చచ్చిపోయినవాళ్లకు వండిపెట్టి సాయంత్రం బతుకమ్మ ఎత్తుకుంటారు, ఒక్క రోజులోనే ఏడుపూ ఆటా రెండూ కానిచ్చేస్తారు, మా సంధ్య, నాకున్న ఒక్క బిడ్డ, కోరుట్లలో ఉంటుంది, పదకొండేళ్లుగా తల్లికి పెత్రమాస అన్నం అదే పెడుతోంది, ఒంటిగంట వరకు రా బాపూ, ఆకేసినంక నువ్వు లేకుంటె మంచిగుండది అని నిన్న ఫోన్ చేసింది, నేనుండే సిరిసిల్ల నుంచి వేములవాడ మీదుగా నేరుగా కోరుట్ల పోవచ్చు, కానీ నేను తెల్లవారకముందే లేచి చుట్టు తిరిగి జగిత్యాల పోయాను, ఎందుకంటే మా సారంగాపూర్ బడి వాళ్ల గ్రూపులో ఫోనుకు ఒక కాగితం వచ్చింది, విశ్రాంత ఉపాధ్యాయులు శ్రీ గోపాల్ రావు గారి ప్రసంగం, 2050 వరకు ప్రపంచ ఇంధనం, అందరూ ఆహ్వానితులే, పెత్రమాస పూట ఎవడైనా ప్రసంగం పెట్టుకుంటాడా, పెట్టుకుంటాడు, వాళ్లింట్లో వండిపెట్టడానికి మనిషి ఉంది, నేను పోయింది ప్రసంగం వినడానికి కాదు, ఒక్క మాట అడగడానికి పోయాను, సారూ, నూనె ముప్పై ఏండ్లల్ల అయిపోతదంటిరి గదా, ఎందుకంటిరి, అంతే, ఆ ఒక్క మాట పదకొండేళ్లుగా గొంతులో గవ్వలా ఇరుక్కుని ఉంది.

సారంగాపూర్ బడిలో రేకుల గది, మేము నేలమీద, ఆయన అప్పుడు పాతికేళ్లవాడు, దొరల ఇంటి మనిషి, ఇస్త్రీ చొక్కాతో వచ్చి బోర్డు మీద ఒక పెద్ద అంకె వేసి దాన్ని చిన్న అంకెతో భాగించాడు, ముప్పై వచ్చింది, ముప్పై చుట్టూ సున్నా చుట్టాడు, భూమిల ఉన్న నూనె ఇంక ముప్పై ఏండ్లకే పిలగాండ్లూ, మీకు నలభై మూడేండ్లొచ్చేటాల్లకు ఒక్క చుక్కుండది, బండ్లుండయి, గ్యాసుండది, దీపముండది అన్నాడు, నాకు ఒళ్లు జలదరించింది, పదమూడేళ్లవాడిని, ఇంటికి పోయి వెలుగుతున్న కందిలి ఊదేశాను, గ్యాసునూనె, అదే కిరోసిన్, అయిపోతుందని, మగ్గం మీదున్న మా నాయనకు పోగు కనబడక ఒక్కటి పీకాడు, బడికి తోలిస్తె చీకటి నేర్చుకచ్చినవారా అన్నాడు, నేను ఆ దెబ్బను ఏళ్లతరబడి గర్వంగా మోశాను, నాకు తెలుసు, వీళ్లకు తెలియదు, నాది ఏడో తరగతి వరకే చదువు, దానిలో నాకు మిగిలిన ఒక్క సంగతి అదే, దాన్ని పట్టుకుని పెద్దమనిషిలా బతికాను, ఈ రోజు ఆ పెద్దమనిషి ఇంకో గోడ మీద ఇంకో లెక్క వేశాడు, తెర మీద గీతలు, ఎర్రవి, నీలంవి, ఇది ఇరవై ఏండ్ల కింద లోకంల పెద్ద పెద్దోళ్లు చెప్పిన గీత, ఇది నిజంగ అయిన గీత, సూడుండ్రి రెంటికీ పొంతనున్నదా అని చూపుడు కర్రతో చూపించాడు, అమెరికా బావులు ఎండిపోతున్నాయని అందరూ చెప్పారట, పై దేశాల నుంచి గ్యాసు కొనుక్కోవాలని రేవుల్లో గోదాములు కూడా కట్టుకున్నారట, ఇంతలో ఎవడో మొండివాడు షేల్ అనే పలకరాయిలోకి అడ్డంగా బోరు దింపి నీళ్లూ ఇసుకా కొట్టి ఆ రాయిని పగలగొట్టాడట, పగుళ్లలోంచి నూనె, గ్యాసు, కొనడానికి కట్టుకున్న రేవుల నుంచే అమ్మడం మొదలుపెట్టారట, ఇప్పుడు లోకంలో అందరికన్నా ఎక్కువ తోడేది వాళ్లేనట, ఆ రాళ్ల గ్యాసు ఓడలెక్కి మన పొయ్యిల దాకా వస్తోందట, చప్పట్లు, ఎందుకు చప్పట్లు, వాళ్ల చెప్పు అరిగిందా, చెమట పట్టిందా, ఆ బావి కూడా మొదటి ఏడాది దండిగా పోసి రెండో ఏడాదికే నీరసపడుతుందట, పక్కన ఇంకోటి దింపాలట, అది నాకు అర్థమైంది, మా ఊళ్లో బోర్లూ అంతే, ఒకటి ఎండితే పక్కన ఇంకోటి, దేవుడు దాచింది తోడుకునే దాకా మనిషికి నిద్ర ఉండదు, మరి ముందుకు, 2050కి ఏమిటయ్యా అంటే రెండు గీతలు, ఒకే గోడ మీద, ఒకే ఏడాది వేసినవి, నూనె వాడకం త్వరలోనే తగ్గుతుందని ఒక గీత కిందికి జారుతుంది, ఇంకా పెరుగుతుందని ఇంకోటి పైకి ఎక్కుతుంది, ఏది నిజం సార్ అని ఎవడో అడిగితే రెండూ అంచనాలే, అంచనా అంటె జోస్యం గాదు అని చేతులు దులుపుకున్నాడు, ఉగాది నాడు పంచాంగం చెప్పే అయ్యవారు నయం, ఆదాయం రెండు వ్యయం పద్నాలుగు అని ఒక్క మాట మీద నిలబడతాడు, మళ్లీ ఏడాది అదే గుడిలో మన కళ్లముందే కూర్చుంటాడు, వీళ్లు ఎక్కడో కూర్చుని గీత గీస్తారు, అది తప్పితే తుడిచి ఇంకోటి గీస్తారు, ఎవడు నమ్మాడో, నమ్మి ఏం చేశాడో వాళ్లకెందుకు, ఇంకో తెర వేశాడు, నూనె అంటె బండ్లల్ల పోసేదే గాదు, మందులు, బకిట్లు, మన సిరిసిల్ల పాలిస్టర్ చీరెలు గూడ నూనె నుంచే అన్నాడు, నా చేతులు చూసుకున్నాను, ముప్పై రెండేళ్లు సాంచెల దగ్గర నిలబడ్డ చేతులు, మేము మర మగ్గాలను సాంచెలంటాం, ఆ చేతుల మీదుగా పోయిందంతా నూనేనా, నూనె అయిపోతుందని ఊరంతా చెబుతూ నూనె నేశానా, థూ.

అప్పుడు లేచాను, సారూ, మీరు ముప్పై ఏండ్లన్నరు అన్నాను, కళ్లద్దాలు పైకి జరిపి చూశాడు, ఎవలూ, సాలోళ్ల భూమయ్యవు గదరా, ఎంత ముసలైనవురా అన్నాడు, ఆయనకు డెబ్బై అయిదు, జుట్టుకు రంగు, నేను అరవై రెండుకే ముసలి, తర్వాత చెప్పాడు చక్కెర డబ్బా, అది భాగహారంరా, అప్పటికి దొరికిన నూనెను ఏడాది ఖర్సుతోని భాగిస్తె ముప్పై వచ్చింది, కొత్తది దొరుకుతది, ఖర్సు మారుతది, ముప్పై ముప్పైగనే ఉంటది, ఒక్కోపారి యాభై అయితది, మరి గా ముచ్చట అప్పుడే చెప్పకపోతిరి అన్నాను, మీరు పిలగాండ్లు, బయపెడితెనె మాట ఇంటరు అన్నాడు, నవ్వు, అదిగో ఆ నవ్వు, దానికి తోడు పక్క వరసలోంచి ఆయన భార్య ఇందిరాదేవి, పట్టు చీర, ఒక్క తెరపి లేకుండా మాట్లాడే ఊపిరి, గీయన మాట నమ్ముకుంటె అంతే సంగతులు, మీకు గట్ల చెప్పిన నాలుగేండ్లకే మా ఇంట్ల గ్యాసు పెట్టిచ్చిండు, కరీంనగర్ నుంచి జీపుల తెచ్చిండు, ఊరంత వచ్చి చూసిపాయె అంది, గర్వంగా అంది, దొరసాని కదా, నేను ఆమె ముఖం చూశాను, కంటి కింద నలుపు లేదు, మెడ నరాలు లేచి లేవు, ఈమె నా భార్య సరోజన కంటే పన్నెండేళ్లు పెద్ద, సరోజన ఉంటే ఈమెకు అమ్మలా కనబడేది, ఆ మాట ఎవరితో అనాలి, కప్పు కింద పెట్టి వచ్చేశాను, టీ కూడా చల్లారింది, వెగటు, ఆయనకు ముప్పై ఒక అంకె, బోర్డు తుడిచి ఇంటికి పోయి గ్యాసు మీద కాచిన పాలు తాగాడు, నాకు ఆ అంకె ఒక కాపురం.

తొంభైతొమ్మిదిలో పొదుపు సంఘం ఆడవాళ్లకు సర్కారు గ్యాసు కనెక్షన్లు ఇచ్చింది, సరోజన కాగితం పట్టుకుని సాంచెల కార్ఖానాకే వచ్చింది, ఇంటికి వచ్చేదాకా ఆగలేకపోయింది, ఆ మోతలో నా చెవిలో అరిచి చెప్పాలి, గ్యాసు ఇస్తున్నరంట, నా పేరొచ్చింది, నువ్వు గీడ ఒక దస్కతు పెట్టాలె, నేను సాంచె ఆపలేదు, అది పోగు తెగకుండా నడుస్తూనే ఉంది, కాగితం మడిచి జేబులో పెట్టుకుని రాత్రి అన్నం దగ్గర చెప్పాను, నీకు లెక్క రాదు, ఇది ఇంక ఏడేండ్లే, డెబ్బై ఆరుల ముప్పై కలుపు, ఒడిసిపోయేదానికి అలవాటు పడుడెందుకు, అలవాటు పడ్డంక మళ్ల కట్టెల పొయ్యికాడ కూసుండ నీతోని అయితదా అన్నాను, ఆమె పొయ్యి దగ్గరే ఉంది, ఒంటి గది ఇల్లు, దర్వాజా తప్ప పొగకు దారి లేదు, కట్టెలు కొనకుండా కోత మిషన్ నుంచి రంపపు పొట్టు బస్తా నెత్తిన తెచ్చుకునేది, పొట్టు కూరిన పొయ్యి మండదు, రగులుతుంది, ఊదుడు గొట్టం పక్కన పెట్టి నా వైపు తిరిగి, ఏడేండ్లన్న సుఖపడ్త గదా అంది, అంతే అంది, కోపంగా కాదు, సంతలో బేరమాడినట్టు అంది, ఏడేళ్లు, నా లెక్క ఒప్పుకునే అడిగింది, నేను అన్నం ముద్ద మింగి నీళ్లు తాగి పడుకున్నాను, ఆ కాగితం సాంచె కాలు కింద పెట్టాను, కాలు పొట్టిగా ఉండి ఊగుతుండేది, ఊగడం ఆగింది, రెండువేల ఆరు వచ్చింది, పోయింది, సిరిసిల్లలో బంకులు రెండింతలయ్యాయి, ఆమె ఆ మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు, సర్కారు దాస్తోంది, ఇంకో రెండేళ్లు చూడండి అని కార్ఖానాలో చెప్పేవాణ్ణి, ఎవడూ వినలేదు, సాంచెల మోతలో ఎవడికి ఏం వినబడుతుంది.

గీడ కూసో కాకా అని ఎవరో చెయ్యి పట్టి లాగారు, ముగ్గురి సీట్లో నలుగురు సర్దుకుని నాకు చారెడు జాగా చేశారు, నా పక్కనున్నామెకు యాభై ఉంటాయి, వేళ్ల గోళ్లు పొట్టిగా, పసుపుపచ్చగా, బీడీలు చేసే చేతులు, చూడగానే తెలుస్తుంది, ఒళ్లో సంచిలో చిక్కుడుకాయ, ఆనపకాయ, తన పేరు రాధమ్మ అనీ కోరుట్లేననీ అడగకుండానే చెప్పింది, పొద్దంత బస్సులనే తిరుగుతున్నరా ఏంది గీ ఆడోళ్లు అన్నాను, టికెట్ లేదని తిరుగుతున్నం, రేపు మీకు గూడ తీసేస్తె మీరు ఇంట్లుంటరా అంది, నోరున్న మనిషి, పెత్రమాసకు ఎవలకు పెడ్తున్రు కాకా, అవ్వకా అయ్యకా, నా భార్యకు అన్నాను, అయ్యో, ఏమైండె, ఈ ప్రశ్నకు నా దగ్గర పదకొండేళ్లుగా జవాబు సిద్ధంగా ఉంటుంది, తీసి ఇచ్చాను, బీడీల దుమ్ము, ఊపిరితిత్తులు పోయినై, రాధమ్మ తన చేతులు తిప్పి చూసుకుంది, నేను ముప్పై ఐదేండ్ల సంది చేస్తున్న కాకా, మా అత్త అరవై ఏండ్లు చేసింది, దగ్గుతం, లేదంటలేను, గని మనిషిని గంత జల్ది తీస్కపోదు, నా ముఖంలోకి చూసి, ఇంట్ల పొయ్యి ఏముండె అంది, గ్యాసే అన్నాను.

గ్యాసే, మాట ఎట్లా వచ్చింది, నేను అనుకోలేదు, నాలుక దానంతటదే అంది, తుమ్ము వచ్చినట్టు వచ్చింది, రాధమ్మ మరి గట్లెట్లాయె అని గొణిగి కిటికీలోంచి బయటికి చూసింది, బయట మొక్కజొన్న కోసిన చేలు, పసుపు మడులు, నాకు చెమట పట్టింది, ఎవరీమె, ఎందుకు అడగాలి, బస్సులో కూర్చున్నామా దిగామా అన్నట్టుండాలి, ఇంతకుముందు ఈ ప్రశ్న ఒక్కరే అడిగారు, కరీంనగర్‌లో డాక్టరమ్మ, రెండువేల పదకొండు ఎండాకాలం, సరోజన స్టూలు మీద, నేను పక్కన నిలబడి, డాక్టరమ్మ ఎక్స్‌రే ఫోటోను వెలుతురుకు పట్టి చూసి, ఇంట్ల వంట దేని మీద చేస్తవమ్మా అంది, నన్ను అడగలేదు, ఆమెను అడిగింది, సరోజన నోరు తెరిచింది, దగ్గు వచ్చి ఆగింది, ఆ ఆగిన సందులో నేను అన్నాను, గ్యాసే మేడం, సరోజన తలెత్తి నా వైపు చూసింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూసింది, కళ్లు మాత్రమే కనబడ్డాయి, నేను గోడ మీద క్యాలెండర్ చూశాను, డాక్టరమ్మ సరేనని, ఇంకేం పని చేస్తవు, బీడీలు, ఇంక బీడీలు ముట్టకు, ఆ దుమ్ము నీకు విషం అని రాసిచ్చింది, సరోజన ఆ రోజుతోనే బీడీల చాట పక్కన పెట్టింది, వాకిట్లో నలుగురు ఆడవాళ్లు చాటలు ఒళ్లో పెట్టుకుని నవ్వుకుంటూ కూర్చునే చోట ఆమె ఖాళీ చేతులతో కూర్చునేది, తర్వాత కూర్చోవడం మానేసింది, లోపలే ఉండేది, లోపలంటే ఏముంది, పొయ్యి ఉంది, ఇంకో మూడేళ్లు, నాకేం తెలుసు, నన్ను బడిలో అట్లా చెప్పారు, నేను నమ్మాను, చదువుకున్న దొర బోర్డు మీద రాస్తే సాలోడి కొడుకు నమ్మక ఏం చేస్తాడు, తప్పు ఆయనది, ఆ గీతల వాళ్లది, బయపెడితేనే వింటారని పిల్లల్ని బెదిరించి గ్యాసు తెచ్చుకున్నవాళ్లది, కోరుట్ల, కోరుట్ల, దిగేటోళ్లు దిగుండ్రి, కండక్టర్ నా భుజం తట్టాడు, కాకా, నీ బీపీ తగ్గిందా అన్నాడు, రాధమ్మ దిగుతూ, గా తల్లికి నా పేరు మీద గూడ ఒక ముద్ద పెట్టు కాకా, బీడీలు చేసినామె గదా అంది, ఉమ్మి వేయాలనిపించింది, నోట్లో తడి లేదు.

సంధ్య ఇల్లు కల్లూరు రోడ్డులో, మెట్లెక్కుతుంటేనే మినప గారెల వాసన, వాసన మంచిదే, వాసనలో పొగ లేదు, గుమ్మంలో చెప్పులు విడవకముందే, గిదేనా బాపూ ఒంటిగంట, జగిత్యాలల ఏం పనుండె అంది, పాత సారును చూసొచ్చిన అన్నాను, సచ్చినోళ్ల దినం నాడు బతికున్నోళ్లను చూసుడేంది అంది, తల్లి నోరే, తల్లి ఈ నోరు నా దగ్గర ఎప్పుడూ వాడలేదు, బిడ్డ వాడుతుంది, వంటింట్లోకి పోయాను, పొయ్యి తుడిచి పసుపు కుంకుమ పెట్టింది, మూడు బర్నర్ల పొయ్యి, ఒకదాని మీద గారెల మూకుడు, ఒకదాని మీద పచ్చిపులుసుకు పోపు, మూడోదాని మీద ఏమీ లేదు, ఏమీ లేకుండా మంట, నీలంగా, నిలువుగా, చప్పుడు లేకుండా మండుతోంది, ఒళ్లు మండింది నాకు, దీని వంట సంగతి చూడు, ఎన్ని రాళ్లు పగిలితే, ఎన్ని సముద్రాలు దాటితే వచ్చిందో ఈ గ్యాసు, ఉత్తగనె మండుతాంది, బంద్ చెయ్యి అన్నాను, సంధ్య తిరగలేదు, గారె తిప్పుతూ, అవ్వది, మండనీ అంది, తల్లిని అది అవ్వ అనే పిలిచేది, ఏమన్నవు, అవ్వది బాపూ, ప్రతి పెత్రమాసకు ముట్టిస్త, అన్నం ఉడికేదాంక మండిస్త, నువ్వెప్పుడు ఆకేసినంకనె వస్తవు గనుక చూడలె, ఈపారి నా వంటనె ఆలస్యమైంది, పదకొండేళ్లుగా ఇది జరుగుతోంది, నాకు తెలియదు, నేను అన్నాను, ఏదో అనాలి కదా, బడిలో విన్నదీ పొద్దున విన్నదీ కలిపి, గా సారే తప్పుచెప్పిండు బిడ్డా, ఈ రోజు ఒప్పుకున్నడు, అది భాగహారమంట, నూనె ముప్పై ఏండ్లల్ల అయిపోతదని నన్ను నమ్మిచ్చిండు, లేకుంటె నేను అవ్వకు గ్యాసు వద్దందునా, సంధ్య అప్పుడు తిరిగింది, జల్లిగరిటె లోంచి నూనె చుక్కలు నేల మీద పడుతున్నాయి, నూనె అయిపోతదని నమ్మినవా, అవ్వ కాగితం తెచ్చిన యేడాదే లూనా కొన్నవు గద బాపూ, సెకండ్ హ్యాండ్ది, ఎర్రది, నన్ను ముంగట నిలవెట్టుకొని బంకుకు తోల్కపోతివి, పెట్రోల్ వాసన మంచిగున్నదని నేనంటె నవ్వితివి, అయిపోయేదానికి అలవాటెందుకని దానికి అనలేదేంది అంది, అని మళ్లీ మూకుడు వైపు తిరిగింది, అరవలేదు, ఏడవలేదు, గారెలు మాడకూడదు కదా.

ఎర్ర లూనా, మర్చిపోయాను, మర్చిపోలేదు, దానికి నంబరు ప్లేటు వంకరగా ఉండేది, సాయంత్రం సాంచెలు దిగి దాని మీద గాంధీ చౌక్ దాకా పోయి వచ్చేవాణ్ణి, పని లేకున్నా పోయేవాణ్ణి, గాలి కోసం, ఒక్కసారి కూడా ట్యాంకు మూత తీస్తున్నప్పుడు ముప్పై గుర్తుకు రాలేదు, ఆ అంకె ఒక్క వంటింటి దగ్గరే గుర్తుకొచ్చేది, పన్నెండు గంటలు నేను మోతలో నిలబడి చెవులు పోగొట్టుకుని వస్తే ఆమె అరగంటలో వంట దించేసి వాకిట్లో నలుగురితో నవ్వుతూ కూర్చుంటుందా అని, అదీ సంగతి, అంత చిన్న సంగతి, ఎంత వెగటు, దానికి బడి కావాల్సి వచ్చింది, దొర కావాల్సి వచ్చింది, భూమి అడుగున నూనె మొత్తం కావాల్సి వచ్చింది, ఆమె పోయిన నెల తిరగకుండా నా ఒక్కడి అన్నానికి గ్యాసు పొయ్యి తెచ్చుకున్నాను, పొగకు కళ్లు మండుతున్నాయని, రెండు రోజులు కూడా ఓర్వలేకపోయాను, మంట ముందు నిలబడ్డాను, దాని వేడి ముఖానికి తగులుతోంది, దగ్గు రావడం లేదు, ఎవరికైనా రాదు, బంద్ చేద్దామని చాచిన చెయ్యి ఇంకా బటన్ దగ్గరే ఉంది, సారు అంచనా తప్పి ఉండొచ్చు, ఆ గీతలన్నీ రేపు మళ్లీ తప్పొచ్చు, కానీ ఆ రోజు కరీంనగర్‌లో, స్టూలు పక్కన, ఆ లెక్కను నిజంగా నమ్మినవాడైతే తలెత్తి చెప్పేవాడు కదా, కట్టెల పొయ్యి మేడం, గ్యాసు అయిపోతది, అందుకే పెట్టియ్యలే అని, నమ్మిన మనిషి అబద్ధం ఎందుకు ఆడతాడు, డాక్టరమ్మ అడిగిన వెంటనే అబద్ధం ఆడాను, ఆమె నోరు తెరవకముందే ఆడాను, పొగ ఏం చేస్తోందో నాకు తెలుసు కనుక ఆడాను, చెయ్యి వెనక్కి తీసుకున్నాను, కట్టెల పొయ్యే మేడం, పొట్టు పొయ్యి అన్నాను, ఎవలతోని మాట్లాడుతున్నవు బాపూ అంది సంధ్య, మంట మండుతోంది, నాకు తెలుసు, అప్పుడే తెలుసు.